పొంగిన పిడి

ఆ సెప్టెంబరులో ఒకరోజు పొద్దున్నే మా ఆయన ఎఫ్రాయిన్ తన మార్కర్‌ని, అంటే రంగుగుళ్ళు కొట్టే తుపాకీని, తెచ్చి రొట్టెల బల్ల మీద పెట్టి, "దీన్ని ఎవరికైనా ఇచ్చెయ్‌రా" అన్నాడు.

అన్నది లిసార్దోతో. లిసార్దో మా తోదోస్ సాంతోస్ పేట పెయింట్‌బాల్ జట్టుకి నాయకుడు, మా ఆయనకి చిన్ననాటి స్నేహితుడు, మా అత్తగారి రొట్టెలకి పుట్టుకతోనే మరిగిన మనిషి. నవంబరు మూడున ఊరి పండుగ కప్పు ఆట ఉందనీ, కమ్మరి వీధి జట్టు ఈసారి మరీ మిడిసిపడుతోందనీ, ఎఫ్రాయిన్ లేకపోతే ముందు వరసలో పరిగెత్తేవాడు లేడనీ చెప్పడానికి వచ్చాడు. వచ్చినవాడు నోట్లో రొట్టెముక్కతో అలాగే ఉండిపోయాడు.

"ఇచ్చెయ్యడమేంటిరా? మీ ఆవిణ్ణి అడిగావా?"

"ఆవిడ చేతికేం తెగులు? తెగులు నా చేతికి" అని ఎడం చెయ్యి చూపించాడు మా ఆయన.

జూన్‌లో, వేరే పండుగ రద్దీలో, బట్టీ ఇనపతలుపు గొళ్ళెం ఊడింది. తలుపు పక్కనే ఉన్న తల్లి మీద పడబోతుంటే ఈయన ఒట్టి చేత్తో పట్టుకున్నాడు. పుండు మానింది. కానీ చిటికెన వేలూ దాని పక్క వేలూ అరచేతిలోకి ముడుచుకుని అలాగే ఉండిపోయాయి. ఆస్పత్రిలో ఒక రబ్బరు బంతి ఇచ్చి రోజూ పిసకమన్నారు. ఆ బంతి మా మంచం కింద దుమ్ము కొట్టుకుపోయింది. వేళ్ళతోపాటు మనిషీ ముడుచుకుపోయాడు. బట్టీ వైపు రాడు, పిండి తాకడు, కిటికీ దగ్గర కూచుని నది వైపు చూస్తుంటాడు. నేను పెళ్ళి చేసుకున్నది ఇంటిల్లిపాదినీ నవ్వించి చంపే మనిషిని. ఆ మనిషి ఎటు పోయాడో తెలియక నాకు ఏడుపొచ్చేది.

ఇంకో సంగతి కూడా ఉంది. మా అత్తగారు తర్హేలియా బట్టీలోకి కట్టెలు తోస్తూ, ఎవరితోనో కాదు, ఆ కట్టెలతోనే అన్నట్టు అప్పటికే ఒక మాట చెప్పేసింది. "ఈ ఏడు నవంబరులో పెద్దల పండుగకి రొట్టె బొమ్మలు చేసిపెడతాను. ఆ తర్వాత బట్టీ ఆర్పేస్తాను. ఒక్కదాన్ని లాగలేను." అది వాళ్ళమ్మ చేతి మీద వెలిగిన బట్టీ. నేను సాయం చేద్దామంటే, నేను పిసికిన పిండి రొట్టె కాదు, ఇటుక అవుతుంది. అందుకే నన్ను అమ్మకం బల్ల దగ్గర కూచోబెట్టారు.

ఇన్ని బాధల మధ్య ఆ మార్కర్ కూడా పోతుందంటే నాకు ఒళ్ళు మండింది. దాన్ని లాక్కుని చూశాను. దానికి రెండు పిడులు. వెనకది కుడిచేతికి, మీట నొక్కడానికి. ముందుది ఎడంచేతికి, బరువు మోసి గురి నిలబెట్టడానికి. ఆ ముందు పిడి లావుపాటి ప్లాస్టిక్‌ది. ముడుచుకున్న వేళ్ళు దాని చుట్టూ తిరగవు. ఉన్న చిక్కల్లా అంతే.

"రెండు బోల్టులు విప్పితే ఊడివచ్చే పిడి కోసం ఆటే మానేస్తావా? నీ చేతికి సరిపోయే పిడి నేను చెక్కుతాను" అన్నాను.

"నువ్వా?"

"నేనే. మా నాన్న ప్వెర్తో బొలీవార్ రేవులో పడవలకి చెక్కలు చెక్కేవాడు. నువ్వు పిండితో బొమ్మలు చేసుకునే వయసులో నేను ఉలి పట్టాను."

లిసార్దోకి ప్రాణం లేచొచ్చింది. "వదినా, నువ్వు చల్లగా ఉండాలి! పిడి మార్చుకోవడం మా ఆటలో మామూలేరా. ఒకడు తోలు చుడతాడు, ఒకడు సైకిల్ ట్యూబు చుడతాడు."

మా అత్తగారు బట్టీ దగ్గర్నుంచి తల తిప్పింది. "ఏమిటే గొడవ, ఆ చిమ్మనగొట్టం గురించేనా?"

"చిమ్మనగొట్టం కాదు పిన్నీ, మార్కర్!"

"రంగు చిమ్ముతుందా లేదా? చిమ్మితే చిమ్మనగొట్టమే." ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి కొడుకు చేతి వంక ఒకసారి, మార్కర్ వంక ఒకసారి చూసింది. "చెయ్యి కొలత కావాలంటే టేపులూ గీపులూ ఎందుకు? కర్ర చుట్టూ పిండి పెట్టి నొక్కితే వేళ్ళ అచ్చు పడుతుంది. బట్టీలో కాలిస్తే రాయిలా గట్టిపడుతుంది. అది చూసి చెక్కుకో, కోతీ."

కోతి అంటే నేనే. ఈ కొండమీది వాళ్ళకి సముద్రం వైపు నుంచి వచ్చినవాళ్ళందరూ కోతులే. వచ్చిన కొత్తలో ఏడ్చాను, తర్వాత అలవాటైంది. ఇప్పుడు ఆవిడ యాదిరా అని నన్ను పేరుపెట్టి పిలిస్తేనే, ఏం తప్పు చేశానా అని భయం వేస్తుంది.

మర్నాడు మొదటి వాయి రొట్టెలు దిగాక అత్తగారు చీపురుకర్ర ముక్క చుట్టూ పిండి ముద్ద పెట్టి కొడుకు ముందు పట్టుకుంది. ఆయన మొహం ముడుచుకునే వచ్చి, పట్టుకుని నొక్కాడు. అచ్చు చక్కగా పడింది, ముడుచుకున్న రెండు వేళ్ళ గుంటలతో సహా. దాన్ని బట్టీలో పెట్టింది.

తీసి చూస్తే ఇంకేముంది! అచ్చూ లేదు, గుంటలూ లేవు. ఇంత లావున ఉబ్బి, నిగనిగలాడుతూ, కర్రకి గుచ్చిన బన్నుముక్కలా ఉంది.

"అయ్యో నా మతి మండా! బల్ల మీద ఉన్న పిండే తీశాను. అందులో ఈస్ట్ ఉంది కదూ" అంది అత్తగారు నెత్తిన చెయ్యి పెట్టుకుని.

లిసార్దో దాన్ని విరిచి కాఫీలో ముంచుకుని తిన్నాడు. "ఒరేయ్ ఎఫ్రాయిన్, నీ చెయ్యి భలే రుచిగా ఉందిరా! కాస్త ఉప్పు పడితే బావుణ్ణు."

మా ఆయన నవ్వాడు. జూన్ తర్వాత ఆ ఇంట్లో ఆయన నవ్వు వినపడడం అదే మొదటిసారి. నేను గబగబా అమ్మకం బల్ల దగ్గరికి పోయి కళ్ళు తుడుచుకున్నాను.

ఆ మర్నాడు మళ్ళీ అచ్చు తీశారు. మళ్ళీ పొంగింది.

"ఈసారి ఈస్ట్ వెయ్యలేదే. తొట్టి పాతది కదా, చెక్కకి పులుపు పట్టేసింది. ఇందులో పిండి వేస్తే దానంతటదే పొంగుతుంది" అంది అత్తగారు.

ఆ తర్వాత పిండి మరీ మెత్తగా ఉందంది. ఆ తర్వాత మరీ గట్టిగా ఉందంది. ఇంకో రోజు తన మణికట్లు లాగేస్తున్నాయనీ, కొలత కావాల్సినవాడే పిండి పిసుక్కోవాలనీ చెప్పి, కొడుకుని తొట్టి ముందు నిలబెట్టింది.

"పిండి కొద్దీ రొట్టె. చెయ్యి లోపలికంటా పెట్టు. ఆ రెండు వేళ్ళూ దాచుకోకు, వాటినీ పెట్టు. వేళ్ళకి నొప్పి పుడితే ఆగు. ఆగి, మళ్ళీ పెట్టు."

"అచ్చు కోసం ఇంత పిండా అమ్మా? దీంతో పేట మొత్తానికి రొట్టెలు చెయ్యొచ్చు."

"మిగిలింది పారేస్తామా? నువ్వు పిసుకు."

వెచ్చటి పిండిలో పంది కొవ్వు వేసి కలిపేది. అందులో ఆయన చేతులు ముంజేతుల దాకా దిగబడేవి. మొదట్లో పళ్ళు బిగించుకుని పిసికేవాడు. తర్వాత తర్వాత పిసుకుతూ కబుర్లు మొదలెట్టాడు. అచ్చు తీసిన ప్రతిసారీ అది పొంగడం, లిసార్దో వచ్చి తినేసి పోవడం. పేటలో ఆడవాళ్ళు వచ్చి, "ఏం పిల్లా, మీ ఆయన చెయ్యి ఇవాళ ఉడికిందా?" అని అడిగి మరీ నవ్వేవాళ్ళు.

నాకు మాత్రం ఓపిక నశించింది. పండుగ దగ్గర పడుతోంది, పిడి ఊసే లేదు. అత్తగారిని అంటే, తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టు ఏదో ఒకటి చెబుతుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు రొట్టెల పళ్ళేలు దడదడలాడిస్తూ తిరిగాను.

చివరికి ఒకరోజు మధ్యాహ్నం మా ఆయన గుగ్గిళ్ళు తిని కునుకు తీస్తుంటే, వంటగిన్నెలో నేనే పిండి కలిపాను. గోధుమపిండి, ఉప్పు, నీళ్ళు, అంతే. కర్ర చుట్టూ పెట్టి ఆయన ఎడంచేతిలో ఇరికించి మెల్లగా నొక్కాను. నిద్రలో ఉన్న చెయ్యి దాని అలవాటు ప్రకారం ముడుచుకునే ఉంది. ఆయన "రొట్టెలు అయిపోయాయండీ" అని కలవరించి అటు తిరిగి పడుకున్నాడు. అచ్చుని బొగ్గుల మీద పెనంలో కాల్చాను. ఇటుకలా వచ్చింది. నా చేతి ఇటుక ఒక్కసారైనా పనికొచ్చింది కదా అని మురిసిపోయాను.

అటకమీద విరిగిన రొట్టెల తెడ్డు ఒకటి ఉంది. దాని కర్ర ఏళ్ళ తరబడి పొగ తాగి నల్లగా, గట్టిగా ఉంది. అందులోంచి ముక్క కోసి, అచ్చు పక్కన పెట్టుకుని చెక్కాను. చూపుడు వేలికీ మధ్య వేలికీ లోతు గాడి, ముడుచుకున్న రెండు వేళ్ళూ వచ్చి కూచోవడానికి కింద చిన్న గూడు. ఇసక కాగితంతో రుద్ది, కొవ్వు పట్టించి, బోల్టులకి కంతలు పెట్టాను. మా నాన్న చూస్తే తల నిమిరేవాడు.

తీసుకెళ్ళి అత్తగారి ముందు బల్ల మీద పెట్టాను.

ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. "కొలత ఎక్కడిదే?"

"ఆయన నిద్రపోతుంటే తీశాను. నా పిండితో. పొంగలేదు, చిట్లలేదు. మీ తొట్టికి పట్టిన పులుపు నా గిన్నెకి పట్టలేదు అత్తయ్యా."

నా ఎత్తిపొడుపుకి ఆవిడ నవ్వలేదు. కోప్పడనూ లేదు. "ఇంకొన్నాళ్ళు ఆగలేకపోయావటే, కోతీ" అంది మెల్లగా. అని, గడ్డంతో పెరటి వైపు చూపించింది.

పెరట్లో మా ఆయన తొట్టి ముందు నిలబడి పిండి మడతపెడుతున్నాడు. మడతపెట్టి, ఎడం అరచేత్తో ముందుకి తోస్తున్నాడు. తోసినప్పుడల్లా ఆ చిటికెన వేలు కొద్దిగా, కొద్దిగానే, అరచేతిని వదిలి పిండి మీద వాలుతోంది. అచ్చు పని ఎప్పుడో అయిపోయింది. అయినా ఆయన ఆగలేదు, ఏదో కూనిరాగం తీస్తున్నాడు.

పిడిని పిండి డబ్బా వెనక దాచాను.

"ఈస్ట్ ఎక్కడ పెడతారత్తయ్యా?" అన్నాను.

"పై అరలో, నీలం డబ్బాలో."

మర్నాటి నుంచి అచ్చుపిండి నేనే కలిపాను. "ఛ, మళ్ళీ పొంగిపోయింది. ఈ కొండ నీళ్ళే మంచివి కావు" అని అత్తగారి కంటే గట్టిగా విసుక్కునేదాన్ని. ఆవిడ నా వైపు చూడకుండా మొహం అటు తిప్పుకునేది, భుజాలు మాత్రం కదిలేవి.

పెద్దల పండుగ రానే వచ్చింది. వీధంతా పండుగకి కాచే ఊదారంగు జావ వాసన, దాల్చినచెక్కా అనాసా కలిసి. మా గుమ్మం ముందు వరస మలుపు దాకా పోయింది. పొత్తిళ్ళలో పాపాయిల్లాంటి రొట్టె బొమ్మలు, వాటికి రంగురంగుల చక్కెర గీతలు. సమాధుల దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళు, పిల్లలకి పంచేవాళ్ళు, ఎవరికీ ఆగే ఓపిక లేదు. ఒక వాయి మాడబోతోంది. అత్తగారి చేతుల్లో పళ్ళేలు ఉన్నాయి.

"తలుపు! ఎవరైనా ఆ తలుపు తియ్యండర్రా!" అని అరిచింది.

మా ఆయన బట్టీ వైపు చూశాడు. జూన్ నుంచి ఆ తలుపు దగ్గరికి వెళ్ళని మనిషి. తడిగుడ్డ తీసి ఎడం చేతికి చుట్టుకున్నాడు. వెళ్ళి తలుపు తీసి, కుడిచేత్తో తెడ్డు అందుకుని, వాయి మొత్తం బయటికి లాగాడు. ఒక్క బొమ్మ కూడా మాడలేదు.

"అమ్మాయ్, నా చిల్లర!" అని ఎవరో అరిస్తే గానీ నేను నిలబడిపోయానని నాకు తెలియలేదు.

అయినా ఆ సాయంత్రం అత్తగారు బూడిద ఎత్తి, బట్టీ నోరు ఊడ్చి, తలుపు మూసింది. "అయిపోయింది. మా అమ్మకి చెప్పొచ్చాను సమాధి దగ్గర" అంది. కొడుకు వింటూ నిలబడ్డాడు. ఒక్క పండుగకి చెయ్యి వేసినంత మాత్రాన కొడుకు తిరిగొచ్చినట్టు అనుకునే మనిషి కాదు ఆవిడ. బట్టీ ఆర్పొద్దని ఆవిణ్ణి అడిగే మనిషి కాదు ఆయన. ఇద్దరిదీ ఒకే తొట్టి పిండి.

మర్నాడు కప్పు ఆట. ఊరి బయట నీలగిరి చెట్ల మధ్య మైదానం, దాక్కోవడానికి పాత టైర్లు, బోల్తా వేసిన కేబుల్ చుట్టే చెక్క చక్రాలు. అత్తగారు కూడా శాలువా కప్పుకుని, తినడానికి రొట్టెబుట్టతో వచ్చింది. ఆట మొదలవబోతుండగా నేను సంచీలోంచి పిడి తీశాను.

"ఇదిగో, నీ చేతికి కొలత పెట్టి చెక్కింది."

మా ఆయన దాన్ని చూసి అబ్బురపడ్డాడు. "మా తాత తెడ్డు కర్రే ఇది!" అని గుర్తుపట్టి బోల్టులు బిగించాడు. పట్టుకున్నాడు. అటు జరిపాడు, ఇటు జరిపాడు. ముడుచుకున్న వేళ్ళ కోసం నేను చెక్కిన గూట్లో ఆ వేళ్ళు పట్టడం లేదు. వేళ్ళ కణుపులు బయటికి పొడుచుకొచ్చాయి.

"ఎవరి చెయ్యి కొలిచావే? ఇది నాది కాదు."

లిసార్దో తల కొట్టుకున్నాడు. "కొంప మునిగింది! వదినా, ఇప్పుడేం చేద్దాం?"

నేనూ అత్తగారూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అంతే, నవ్వు ఆగలేదు. నవ్వుతూ ఏడ్చాం. జనం మమ్మల్ని వింతగా చూశారు. మా ఆయన ఒకసారి పిడి వంకా, ఒకసారి తన చెయ్యి వంకా చూసుకున్నాడు. చూసుకుని చెక్క పిడి విప్పేసి, పాత ప్లాస్టిక్‌దే బిగించి, జారకుండా లిసార్దో దగ్గర సైకిల్ ట్యూబు ముక్క అడిగి చుట్టాడు. చిటికెన వేలు పూర్తిగా తిరగలేదు గానీ, పట్టు మాత్రం చిక్కింది.

గెలిచామని చెప్పాలనుంది, కానీ అబద్ధం ఎందుకు? మొదటి ఆటలోనే కమ్మరి వీధివాడొకడు మా ఆయన్ని గుండె మీద నారింజ రంగుతో కొట్టాడు. రంగు పడితే ఔటే కాబట్టి ఆయన రెండు చేతులూ పైకెత్తి, పెళ్ళికొడుకులా నవ్వుకుంటూ బయటికి వచ్చాడు. ఎత్తిన చేతుల్లో ఎడమది కూడా దాదాపు విప్పుకునే ఉంది.

గట్టు మీద నా పక్కన కూలబడ్డాక అన్నాడు, "రెండో రోజే తెలుసు నాకు."

"ఏం తెలుసు?"

"ఈ ఇంట్లో పుట్టి పెరిగినవాణ్ణి, ఈస్ట్ వాసన తెలీదా? తొట్టికి పులుపు పట్టిందట! అమ్మ రోజూ గీకి గీకి కడుగుతుంది దాన్ని."

"మరి చెప్పవేం?"

"చెబితే మానేసేవాళ్ళుగా." చేతికంటిన రంగుని గడ్డికి తుడిచాడు. "పొద్దున్నే అమ్మ ఒకవైపు, నువ్వొకవైపు నా చెయ్యి పట్టుకునేవాళ్ళు. దాన్ని చూస్తే నాకే అసహ్యం వేసేది. మీకు వెయ్యలేదు. ఇంకో నాలుగు రోజులు సాగనీ అనుకున్నాను."

ఆయన భుజానికి తల ఆనించుకుని కూచున్నాను.

పక్కన అత్తగారు నా చేతిలోంచి ఆ చెక్క పిడిని తీసుకుంది. తిప్పి తిప్పి చూస్తూ, తెలియకుండానే ఎడం చేత్తో పట్టుకుంది. చూపుడు వేలు దాని గాడిలో, మధ్య వేలు దాని గాడిలో. వంగిపోయిన చివరి రెండు వేళ్ళూ తిన్నగా వెళ్ళి ఆ గూట్లో కూచున్నాయి. ఆవిడ చెయ్యి కొలిచి చెక్కినట్టే ఉంది.

మా ఆయన అది చూశాడు. నవ్వు ఆగిపోయింది. "అమ్మా, నీ వేళ్ళు ఎప్పుడు వంగిపోయాయి?"

"ఎప్పుడో. నీ చెయ్యి చూసుకుంటూ కూచున్నవాడివి, నాది ఎప్పుడు చూశావులే" అంది ఆవిడ. తేలిగ్గానే అంది. బుట్టలోంచి రొట్టె బొమ్మ తీసి, విరిచి, తలో ముక్కా పెట్టింది.

ఇంటికి వచ్చాక మా ఆయన స్క్రూలూ సుత్తీ పట్టుకుని పెరట్లో చీకటి పడేదాకా ఏదో కొట్టుకుంటూ కూచున్నాడు. అత్తగారు అలసిపోయి పడుకుంది. మర్నాడు లేవాల్సిన పని లేదు కదా, ఆలస్యంగా లేచింది. లేచి పెరట్లోకి వచ్చేసరికి బట్టీ మండుతోంది. తొట్టిలో పిండి కలిపి, గుడ్డ కప్పి ఉంది. బట్టీ ఇనపతలుపుకి పాత గొళ్ళెం చోట నా చెక్క పిడి బిగించి ఉంది, ఆవిడ చెయ్యి ఎత్తకుండా అందేంత ఎత్తులో.

మా ఆయన చేతులు పిండితోనే నిలబడి ఉన్నాడు, పరీక్ష రాసిన పిల్లాడిలా. ఆవిడ గుడ్డ తీసి పిండిని వేలితో నొక్కింది. చిన్న ముక్క తుంచి నాలుక మీద వేసుకుంది.

"ఉప్పు తక్కువైంది" అంది. అని, వంగిన వేళ్ళతో ఆ పిడి పట్టుకుని బట్టీ తలుపు తెరిచింది.